టైమ్ ఆఫీసా, మాధాపూరా? హెచ్‌ఆర్ డైరెక్టర్ దాకా పోవాలంటే ఏ దారి?

పోచమ్మమైదాన్_పిల్ల:

అందరికీ నమస్తే. మాది వరంగల్, పోచమ్మ మైదాన్. ఐసెట్ రాసి హన్మకొండలో ఎంబీఏ హెచ్‌ఆర్ చేశాను. వయసు 27. మూడున్నరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా ఉన్నాను. పని ఏంటంటే, పొద్దున తొమ్మిదిన్నరకు కూర్చుని రెజ్యూమెలు వెతకడం, ఫోన్లు చేయడం, "నోటీస్ పీరియడ్ ఎంతండీ" అని రోజుకు యాభై అరవై మందిని అడగడం. మొన్న మా అమ్మ ఫోన్ చేసి "తిన్నవా" అంటే కూడా నోట్లోంచి "కరెంట్ సీటీసీ ఎంత" అని వచ్చేసేది, ఆపుకున్నాను.

ఇప్పుడు చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి. ఒకటి మాధాపూర్‌లో ఐటీ కంపెనీ, సీనియర్ రిక్రూటర్, ఏడాదికి 7.2 లక్షలు. రెండోది గీసుకొండ వైపు టెక్స్‌టైల్ పార్కులో ఒక గార్మెంట్ యూనిట్, హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్, 5.4 లక్షలు. రెండో దానికి ఇంటి నుంచే వెళ్లి రావచ్చు, కంపెనీ బస్సుంది.

నా ఫ్రెండ్స్ అందరూ మాధాపూర్ అంటున్నారు. నాకేమో ఎప్పటికైనా హెచ్‌ఆర్ డైరెక్టర్ కావాలని ఉంది. నవ్వకండి. ఆ కుర్చీ దాకా వెళ్లినవాళ్లు అసలు ఎక్కడ మొదలుపెట్టారు? ఎన్నేళ్లు పట్టింది? జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ లాంటి చోట మళ్లీ చదవకపోతే ఆ కుర్చీ రాదంటారు, నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, వారంలో జవాబివ్వాలి, టెన్షన్‌గా ఉంది.

హైటెక్_హెచ్‌ఆర్:

ఇందులో ఆలోచించేదేముంది సిస్టర్, 7.2 తీసుకోండి. ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌కు ఒకసారి వెళ్తే ఐటీ వాళ్లు మళ్లీ తీసుకోరు. మా దాంట్లో లైన్ క్లియర్‌గా ఉంటుంది. రిక్రూటర్, తర్వాత టీమ్ లీడ్, అక్కడి నుంచి బిజినెస్ పార్ట్‌నర్ రోల్‌కు (ఒక విభాగం మేనేజర్లతో కలిసి వాళ్ల మనుషుల సంగతులు చూసే పని) మారాలి, ఆపైన మేనేజర్, సీనియర్ మేనేజర్, అసోసియేట్ డైరెక్టర్, డైరెక్టర్. నా బాస్‌కు 16 ఏళ్లు పట్టింది. ఒక్క జాగ్రత్త: ఐదేళ్లు దాటాక కూడా రిక్రూట్‌మెంట్‌లోనే ఉండిపోకండి, అక్కడే సిమెంట్ అయిపోతారు. పార్ట్‌నర్ రోల్‌కు వెళ్లడమే అసలు మలుపు.

గార్మెంట్ యూనిట్‌లో హెచ్‌ఆర్ అంటే క్యాంటీన్ పప్పులో ఉప్పు ఎక్కువైందన్న కంప్లయింట్లు. మీ ఇష్టం.

ఖని_రెండో_షిఫ్ట్:

బిడ్డా, మూడో దారి ఒకటి ఉంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. నేను గోదావరిఖనిలో గనుల మీద పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో (హెచ్‌ఆర్‌కు పాత పేరు) చేసి రిటైర్ అయినవాణ్ణి.

పబ్లిక్ సెక్టార్‌లో హెచ్‌ఆర్ డైరెక్టర్ అంటే ఉత్త హోదా కాదు, బోర్డులో సీటు. మన సింగరేణిలో దాన్ని డైరెక్టర్ 'పా' అంటారు. పర్సనల్, అడ్మినిస్ట్రేషన్, వెల్ఫేర్ మూడూ ఆ కుర్చీ కిందే. కిందినుంచి చూస్తే మేనేజ్‌మెంట్ ట్రెయినీ పర్సనల్‌గా రాతపరీక్షతో చేరతారు, ఆపైన పర్సనల్ మేనేజర్, డీజీఎం, జీఎం. కేంద్ర సంస్థల్లో చాలావాటికి హెచ్‌ఆర్ ట్రెయినీలను యూజీసీ నెట్ స్కోర్‌తో పిలుస్తారు. లేబర్ వెల్ఫేర్, హెచ్‌ఆర్‌ఎం కలిసిన పేపర్ అది, సబ్జెక్ట్ కోడ్ 55. జూన్‌లో, డిసెంబర్‌లో పరీక్ష ఉంటుంది. కేంద్ర సంస్థల్లో డైరెక్టర్ పోస్టుకు మాత్రం పీఈఎస్‌బీ అనే బోర్డు ఇంటర్వ్యూ చేసి పేరు సూచిస్తుంది, కంపెనీ ప్రమోషన్ ఇచ్చేది కాదు. జీఎం దాకా వెళ్లి ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

పని గురించి చెప్పాలంటే, మా దగ్గర గుర్తింపు సంఘం (కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే యూనియన్) ఎన్నికలంటే అసెంబ్లీ ఎన్నికల కంటే వేడి. 2023 డిసెంబర్ 27న పోలింగ్ జరిగినప్పుడు నేను రిటైర్ అయ్యి ఇంట్లో ఉన్నా కూడా నిద్ర పట్టలేదు, పాత అలవాటు. కారుణ్య నియామకం ఫైలు పట్టుకుని తల్లీకొడుకులు నీ టేబుల్ ముందు నిలబడితే, ఆ సర్వీస్ రికార్డులో తండ్రి పేరు ఒక అక్షరం తేడా ఉంటే, అప్పుడు తెలుస్తుంది పర్సనల్ అంటే ఏందో. ఉప్పూ పప్పూ అన్న తమ్ముడికి ఒకటే మాట: క్యాంటీన్ మీద సమ్మెలు జరిగినయి, చిన్నగా చూడకు.

27 అంటే నెట్‌కు ఇంకా టైముంది. ఏ ఉద్యోగంలో ఉన్నా ఒకసారి రాసి చూడు.

టైమాఫీస్_1996:

ఆలస్యంగా చూశాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదువు చెల్లె.

నేను వరంగల్ దాన్నే. ఒక తయారీ కంపెనీలో హెచ్‌ఆర్ డైరెక్టర్‌ని. 1996 జూన్‌లో పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీస్ అసిస్టెంట్‌గా చేరాను, జీతం 1,800. డైరెక్టర్ అని కార్డు మీద పడింది 2023లో. అంటే 27 ఏళ్లు, నీ వయసంత. భయపడకు, అందులో ఏడెనిమిదేళ్లు నా తెలివితక్కువతనం వల్ల పోయినవే, అవి నీకు పోవద్దనే ఇది రాస్తున్నాను.

ముందు డైరెక్టర్ అన్న మాట సంగతి. హైటెక్ తమ్ముడు చెప్పే డైరెక్టర్ వేరు, ఖని అన్న చెప్పే డైరెక్టర్ వేరు. పెద్ద ఐటీ కంపెనీల్లో అది ఒక గ్రేడ్, పైన సీనియర్ డైరెక్టర్లు, వైస్ ప్రెసిడెంట్లు ఇంకా ఉంటారు. పబ్లిక్ సెక్టార్‌లో అది బోర్డు సీటు. మాలాంటి ప్రైవేటు కంపెనీల్లో రెండిటికీ మధ్య. నాకు కంపెనీల చట్టం ప్రకారం ఉండే డైరెక్టర్ నంబర్ లేదు, బోర్డులో ఓటు లేదు. పిలిచినప్పుడు వెళ్లి మనుషుల లెక్క చెప్పి, తిట్లుంటే తిని వస్తాను. నీకు ఏ డైరెక్టర్ కావాలో ముందు తేల్చుకో. మూడిటికీ బస్సులు వేరే స్టాండ్ల నుంచి పోతాయి.

మా నాయన ఆజంజాహి బట్టల మిల్లులో జాబర్, అంటే కార్మికుల మేస్త్రీ. ఇంట్లో పంచాంగం పక్కనే పీఎఫ్ స్లిప్పులు దారంతో కట్టగట్టి పెట్టేవాడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు, స్లిప్పు నాతో చదివించుకునేవాడు. "నాది ఎంత, కంపెనీది ఎంత" అని రెండు సార్లు అడిగేవాడు. పదో తరగతికే నాకు పీఎఫ్ లెక్క వచ్చు. టైమ్ ఆఫీస్ ఇంటర్వ్యూలో అదే అడిగారు, చెప్పాను, తీసుకున్నారు. డిగ్రీ బీకామ్. పర్సనల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా తర్వాత దూరవిద్యలో చేశాను.

టైమ్ ఆఫీస్ అంటే గేటు పక్కన పది బై పన్నెండు గది. గోడకు పంచింగ్ మిషన్, దాని పక్కన కార్డుల చట్రం, 340 కార్డులు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరికి ఓటీ (ఓవర్‌టైమ్), ఎవరి సెలవు మిగిలింది, క్యాంటీన్ కూపన్లు, అన్నీ అక్కడే. ఆరు నెలలకు కార్డు చూస్తే మనిషి తెలిసేవాడు. బీ షిఫ్ట్‌లో ఒకాయన వరుసగా నాలుగు రోజులు పది నిమిషాలు లేటు. సూపర్‌వైజర్ మెమో రాయమన్నాడు. అడిగితే, ఆర్టీసీ వాళ్లు ఆయన ఊరి బస్సు టైము మార్చారట. ఆయనను 'ఏ' (A) షిఫ్ట్‌కు మార్పించాను, మెమో రాయలేదు. ఇది ఏ ఎంబీఏ పుస్తకంలోనూ లేదు. డైరెక్టర్‌గా ఇప్పటికీ నేను చేసేది దాదాపు ఇదే, కాకపోతే అంకెలు పెద్దవి.

(ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు. నేనొక్కదాన్నే కదా అని కట్టలేదు. అవతల గెస్ట్‌హౌస్ దాకా నడిచేదాన్ని, ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగి మేనేజ్ చేసేదాన్ని. పర్సనల్ ఆఫీసర్ అయ్యాక నేను పెట్టిన మొదటి ఫైలు అదే.)

2001లో పర్సనల్ ఆఫీసర్‌ని. ఇక నా తప్పు చెప్తాను. 2003లో ఒక ఒడియా కార్మికుడు నైట్ షిఫ్ట్‌లో పడుకుని దొరికాడు, లేపితే సూపర్‌వైజర్‌ను బూతులు తిట్టాడు. ఛార్జ్‌షీట్ నేనే రాశాను. మంచి ఇంగ్లిష్‌లో రాశానని మురిసిపోయాను కూడా. అతనికి ఇంగ్లిష్ ముక్క రాదు, తెలుగు చదవడం రాదు. డొమెస్టిక్ ఎంక్వయిరీలో (కంపెనీ లోపల జరిగే విచారణ) తోటి కార్మికుణ్ణి సాయం పెట్టుకోవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. ఎంక్వయిరీ ఒక్క పూటలో ముగించాం, డిస్మిస్ చేశాం. మూడేళ్లకు లేబర్ కోర్టు, ఎంక్వయిరీ చెల్లదు, సగం పాత జీతంతో తిరిగి తీసుకోండి అన్నది.

మొదటి రోజు పొద్దున ఐదు యాభైకి గేటు దగ్గరికి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, మడతలు ఇంకా కనిపిస్తున్నాయి. నేను అక్కడే ఉన్నాను. "నమస్తే మేడమ్, కార్డు ఎక్కడ గుద్దాలె" అని తెలుగులో అడిగాడు. మూడేళ్లలో తెలుగు నేర్చుకున్నాడు. అతని మీద కోపం కాదు, నా మీద నాకే సిగ్గేసింది. ఆ రోజు నుంచి ఏ కాగితమైనా అవతలి మనిషి భాషలో లేకపోతే నేను సంతకం పెట్టను.

ఇక అందరూ దాటవేసే భాగం. 2010లో మా ప్లాంట్ హెచ్‌ఆర్ హెడ్ పోస్టు ఖాళీ అయింది. వస్తుందనే అనుకున్నాను. యూనియన్ వాళ్లకు నేనంటే గౌరవం, పద్నాలుగేళ్ల సర్వీసు. ఎండీ గారు ఒక్క ప్రశ్న అడిగారు: "మనం వంద రూపాయల సరుకు అమ్మితే అందులో జీతాలు ఎన్ని రూపాయలు?" నాకు తెలియదు. పోస్టు బయటి మనిషికి ఇచ్చారు. ఇంటికొచ్చి ఏడ్చాను, రెండు రోజులు లీవు పెట్టాను, రాజీనామా కూడా టైప్ చేశాను. ఇవ్వలేదు.

మా కాస్టింగ్ సెక్షన్‌లో (సరుకు తయారీ ఖర్చుల లెక్కలు చూసేది) ఒక పెద్దాయన ఉండేవారు. లంచ్ టైములో ఆయన గదికి టిఫిన్ డబ్బా పట్టుకుపోయి కూర్చునేదాన్ని. సగం ఏడాది అలా బ్యాలెన్స్ షీట్ చదవడం నేర్పారు. ఆయనకు మా ఇంటి సకినాలంటే ఇష్టం, ఫీజు అంతే. 2011లో నేనే అడిగి హెడ్ ఆఫీసులో జీతభత్యాల సెక్షన్‌కు మారాను, ఒక మెట్టు కిందికి. చూసినవాళ్లు "డిమోషనా అక్కా" అన్నారు. నా 27 ఏళ్లలో మంచి నిర్ణయం ఏదంటే అదే. ఆ తర్వాతే 2016లో జీఎం, 2020లో వైస్ ప్రెసిడెంట్.

ఎందుకో లెక్కతో చూపిస్తాను. 2022లో మా ప్లాంట్‌లో 620 మంది పర్మినెంట్ కార్మికులు, వేజ్ సెటిల్‌మెంట్. సంఘం వాళ్లు బేసిక్‌లో వెయ్యి పెంచమన్నారనుకో. ప్రొడక్షన్ హెడ్ టక్కున లెక్కేస్తాడు: వెయ్యి ఇంటూ 620 ఇంటూ 12, అంటే 74.4 లక్షలు. తప్పు. బేసిక్ పెరిగితే కంపెనీ పీఎఫ్ ఖర్చు, చిల్లర ఛార్జీలతో కలిపి 13 శాతం, 130 రూపాయలు. ఈఎస్‌ఐలో కంపెనీ వాటా 3.25 శాతం, 32 రూపాయలన్నర. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) కోసం పక్కన పెట్టేది నెలకు 48. బోనస్ మా దగ్గర పూర్తి బేసిక్ మీద 8.33 శాతం ఇచ్చే అలవాటుంది, 83. వెయ్యి కాస్తా 1,293 అయింది. ఏడాదికి 96 లక్షలు దాటింది. ఓటీ డబుల్ రేటు ఇంకా కలపలేదు.

ఇంతటితో అయిపోలేదు. గ్రాట్యుటీ చివరి జీతం మీద లెక్కగడతారు కదా, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలకు 26 రోజుల లెక్కన. అంటే ఈ రోజు పెంచిన వెయ్యి, మనిషి చేసిన పాత ఏళ్లన్నిటికీ పాకుతుంది. మావాళ్ల సగటు సర్వీసు పన్నెండేళ్లు. మనిషికి 6,900 పైన, 620 మందికి 43 లక్షల దాకా, ఒక్క సంతకంతో. ఇది బోర్డుకు ముందే చెప్పని హెచ్‌ఆర్ హెడ్‌ను మార్చి నెలలో ఆడిట్ వాళ్లు వచ్చి నిలబెడతారు.

అదే లెక్క యూనియన్ వాళ్లకూ చూపించాను. కంపెనీ గుట్టు చెప్తావా అని కొందరు మేనేజర్లు నా మీద గుర్రుమన్నారు. గుట్టేముంది, చట్టంలో ఉన్నదే. సంఘం సెక్రటరీ కాగితం చాలాసేపు చూసి, "అంటే మాకు చేతికొచ్చేది వెయ్యి, మీ సంచిలోంచి పోయేది పదమూడు వందలు. మా పిల్లల పేరు మీద తర్వాత వచ్చేది మూడు వందలు. గట్లనే గేటు మీటింగ్‌ల చెప్త" అన్నాడు. నాకంటే బాగా చెప్పాడు. మూడేళ్లకు కలిపి 2,700 దగ్గర తేలింది, లేబర్ ఆఫీసర్ ముందు పన్నెండు మూడు కింద (పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) సెక్షన్) సంతకాలయ్యాయి.

ఇక నీ రెండు ఆఫర్లు. గార్మెంట్ యూనిట్‌కు వెళ్లు అని కళ్లు మూసుకుని అనను. జాయిన్ అయ్యే ముందు మూడు సంగతులు అడుగు. టైమ్ ఆఫీస్ ఎవరి కింద ఉంది? కాంట్రాక్ట్ లేబర్ బిల్లులు ఎవరు చెక్ చేస్తారు? జీతాల షీటు ప్లాంట్‌లో తయారవుతుందా, హెడ్ ఆఫీసులోనా? ఈ మూడిట్లో రెండు నీ చేతికి వస్తాయంటే కళ్లకద్దుకుని వెళ్లు. ఇండక్షన్, ఐడీ కార్డులు, బర్త్‌డే కేకులు మాత్రమే అంటే మాధాపూర్ వెళ్లు, కనీసం డబ్బులైనా ఎక్కువ. నెలకు పదిహేను వేల తేడాలో హాస్టల్, తిండి, వరంగల్ రైలు ఖర్చులు తీసేస్తే చేతిలో ఎంత మిగులుతుందో నువ్వే లెక్కేసుకో.

ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ముంబై టిస్ గురించి: సీటు వస్తే వెళ్లు, అబద్ధం ఎందుకు, అక్కడివాళ్లు నాకంటే పదేళ్లు ముందు ఆ కుర్చీలో కూర్చుంటారు. నా పైన బయటి నుంచి వచ్చిన ఆయన కూడా అలాంటి చోట చదివినవాడే, మంచి మనిషి. అది లేకపోతే దారి మూసుకుపోదు, పొడుగవుతుంది. అప్పు చేసి పేరు లేని కాలేజీలో రెండో ఎంబీఏ మాత్రం వద్దు. దానికంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మేలు. లేబర్ కేసు కాగితం చదివి అర్థం చేసుకునే హెచ్‌ఆర్ మనిషిని ఏ ప్లాంటూ వదులుకోదు.

హైటెక్_హెచ్‌ఆర్:

అక్కా, లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. పప్పు మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక డౌట్. ఇప్పుడు బయోమెట్రిక్ వచ్చింది, పేరోల్ సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఏఐ అంటున్నారు. టైమ్ ఆఫీస్ నేర్చుకుని ఏం చేస్తుంది? ఇంకో ఐదేళ్లకు ఆ గదే ఉండదు కదా.

టైమాఫీస్_1996:

గది పోయింది తమ్ముడూ, మా ప్లాంట్‌లో ఎప్పుడో పోయింది. పని పోలేదు. పదేళ్లు మిషన్ మీద పనిచేసినవాళ్ల వేళ్లు ముట్టుకుని చూడు, ముద్రలు అరిగిపోయి నున్నగా ఉంటాయి. బయోమెట్రిక్ "మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. నాలుగోసారికి వెనక లైను అరుస్తుంది, మనిషి వదిలేసి లోపలికి పోతాడు. సాఫ్ట్‌వేర్ ఆబ్సెంట్ వేస్తుంది. నెలాఖరుకు ఒక రోజు జీతం కట్. ఒక నెల మా దగ్గర ఇలా 31 మందికి జరిగింది. అందరూ ఒకే డిపార్ట్‌మెంట్, ఫిట్టర్లు. షీటు చూసి ఇది దొంగ సెలవు కాదు, వేళ్ల సమస్య అని పట్టుకున్నది పాత టైమ్ ఆఫీస్ పిల్లవాడే. వాళ్లకు ముఖం గుర్తుపట్టే మిషన్ పెట్టించాం.

పోచమ్మమైదాన్_పిల్ల:

అక్కా, రెండుసార్లు చదివాను. మా నాన్నకు కూడా చదివి వినిపించాను. ఆయన పీఎఫ్ స్లిప్పుల దగ్గర ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లి బీరువాలోంచి తన ఫైలు తెచ్చాడు, ఇప్పుడు అది నేను సరిచూడాలట.

ఇంకా రెండు అడగొచ్చా? ఒకటి, కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, నేను ఎంబీఏలో చదివింది పాత చట్టాలు, మళ్లీ మొదటి నుంచి చదవాలా? రెండోది కొంచెం మొహమాటంగా ఉంది. అక్కడ సూపర్‌వైజర్లంతా మగవాళ్లే, యాభై ఏళ్లవాళ్లు. నా మాట వింటారా?

టైమాఫీస్_1996:

కోడ్‌ల సంగతి: 29 చట్టాలు నాలుగు కోడ్‌లయ్యాయి, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. పాతది చదివింది వృథా కాదు, ఎముకలు అవే. ముందు వేతనం అన్న మాటకు ఇచ్చిన అర్థం చదువు. బేసిక్ తక్కువ పెట్టి అలవెన్సులు ఉబ్బించే పద్ధతికి అక్కడ కత్తెర పడింది, అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినంతా వేతనం కిందికే వస్తుంది. దాంతో గ్రాట్యుటీ లాంటి లెక్కలన్నీ కదులుతాయి. రెండోది, ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకు (ఇంతకాలానికని గడువు పెట్టి తీసుకున్నవాళ్లు) ఏడాదికే గ్రాట్యుటీ, గార్మెంట్‌లో అలాంటివాళ్లు చాలామంది ఉంటారు. మానేసినవాళ్లకు రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ఆడవాళ్లు ఒప్పుకుంటేనే, భద్రత ఏర్పాట్లు ఉంటేనే రాత్రి షిఫ్ట్. వెల్ఫేర్ ఆఫీసర్ ఇదివరకు 500 మంది కార్మికులున్న ఫ్యాక్టరీకి తప్పనిసరి, ఇప్పుడు 250 చాలు. ఇది నీకు మంచి వార్త, ఆ పోస్టులు పెరుగుతాయి. చేరిన మొదటి నెలలో మీ యూనిట్ జీతం షీటు తీసి ఒక్క టైలర్ జీతాన్ని కొత్త లెక్కతో వేసి చూడు. పుస్తకం మొత్తం చదివినదానికంటే ఎక్కువ వస్తుంది.

సూపర్‌వైజర్ల సంగతి: వినరు. నాతో ఒకాయన నాలుగు నెలలు మాట్లాడలేదు, ఏదైనా కావాలంటే ప్యూన్‌ను పంపేవాడు. ఒకరోజు సెలవు రికార్డులు సరిచూస్తుంటే ఆయన ఖాతాలో పదకొండు రోజులు తక్కువ పడ్డాయని కనిపించింది. పాత క్లర్కు పేజీ తిప్పినప్పుడు కింది అంకె పైకి మోయలేదు. ఆయనకు తెలియనే తెలియదు. కలిపి, చిన్న చీటీ రాసి పంపాను. మర్నాడు తనే వచ్చాడు. థ్యాంక్స్ చెప్పలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని "మా సెక్షన్ వాళ్లవి కూడా ఒకసారి చూస్తావా అమ్మా" అన్నాడు. రిటైర్ అయ్యేదాకా నా పక్షమే.

షిఫ్ట్ మారే టైముకు గేటు దగ్గర నిలబడు, రోజూ పదిహేను నిమిషాలు. ఏసీ గదిలో కూర్చున్న హెచ్‌ఆర్‌ను ఎవరూ లెక్కచేయరు, ఆడా మగా తేడా లేదు.

ఖని_రెండో_షిఫ్ట్:

గేటు దగ్గర నిలబడమన్నది నూటికి నూరు పాళ్లు నిజం. మా దగ్గర బాయి (గని) మీద హాజరు వేసే ఆ చోటును మస్టర్ రూమ్ అంటాం. బిడ్డా, మీ నాన్న ఫైల్లో పెన్షన్ కాగితం ఉందో లేదో కూడా చూడు. పీఎఫ్‌లో కంపెనీ వాటాలోంచి 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది, చాలామంది ఆ సంగతి మర్చిపోయి డబ్బులు తగ్గినయని కొట్లాడతరు.

పోచమ్మమైదాన్_పిల్ల:

అప్‌డేట్. నిన్న గార్మెంట్ వాళ్లకు ఫోన్ చేసి అక్క చెప్పిన మూడూ అడిగాను. అవతల ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఇంతకుముందు ఎక్కడైనా ప్లాంట్‌లో చేశారా" అన్నారు. లేదన్నాను. టైమ్ ఆఫీస్ నా కిందే ఉంటుందట, కాంట్రాక్ట్ బిల్లులు మొదటి ఆరు నెలలు మేనేజర్‌తో కూర్చుని చూడాలట, జీతాల షీటు హెడ్ ఆఫీసులో అట. మూడిట్లో రెండు. మాధాపూర్ వాళ్లకు సారీ మెయిల్ పెట్టేశాను. అమ్మ సంతోషం చెప్పలేను, ఫ్రెండ్స్ గ్రూప్‌లో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు.

ఖని అంకుల్, పెన్షన్ కాగితం ఉంది. కానీ నాన్న పుట్టినతేదీ ఒక చోట 1968, ఇంకో చోట 1966 ఉంది. సోమవారం పీఎఫ్ ఆఫీసుకు వెళ్తున్నాం.

ఒకటో తారీఖు జాయినింగ్. ఈ ఆదివారం చౌరస్తాకు వెళ్లి సేఫ్టీ షూస్ కొనాలి, అక్కా ఏ కంపెనీవి మంచివి?

టైమాఫీస్_1996:

కొనకు. షూస్ కంపెనీయే ఇవ్వాలి, ఉచితంగా. చేరిన రోజు స్టోర్స్‌లో ఇండెంట్ (కావాలని అడిగే చీటీ) రాయి, సైజు సరిగ్గా రాయి. ఆడవాళ్ల సైజులు స్టోర్స్‌లో ఉండవు, తెప్పిస్తాం అంటారు. ఎన్ని రోజులకు తెప్పిస్తారో తారీఖు వేయించుకో. అలాగే లైన్‌లో ఇంకెంతమంది ఆడవాళ్లు మగవాళ్ల సైజు వేసుకుని తిరుగుతున్నారో కూడా లెక్కపెట్టు.